సిమ్ మన జేబులో ఉంది, కేసులో మన పేరు లేదు



పోస్టు పెద్దది. తిట్టాలనుకున్నవాళ్లు చివరిదాకా చదివి తిట్టండి, నేనేమీ అనుకోను.

మొన్న మన గ్రూపులో ఒక అన్న రాశాడు. "టెలిఫోన్ కంపెనీలు కోర్టుల్లో కొట్టుకుంటే మనకేంటి? వాళ్లు కొట్టుకోబట్టే డేటా చవకైంది. పోటీని అలా వదిలేస్తే అదే కొండ ఎక్కుతుంది. టవర్ వేసిన కంపెనీకి దండం పెట్టి ఆ సిమ్ వేసుకోండి" అని. చాలామంది లైక్ కొట్టారు. నేనూ కొట్టాను. రాత్రి పడుకునే ముందు తీసేశాను. ఎందుకు తీసేశానో చెప్పడానికే ఇదంతా.

మాది ముంచింగిపుట్టు అవతల ఒక గూడెం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటిదాన్ని. విశాఖలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా హాస్టల్ డాబా ఎక్కితే ఏ కంపెనీ సిమ్ వేసినా సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉంటాయి. మా గూడెంలో మాత్రం ఫోన్ మాట్లాడాలంటే పైన కొండ మీద చింతచెట్టు దాకా నడవాలి. దాన్ని అందరూ సిగ్నల్ చెట్టు అంటారు. వానాకాలంలో అది కూడా పనిచేయదు.

పోయిన ఏడాది స్కాలర్‌షిప్ పనికి ఓటీపీ అడిగారు. నా ఆధార్‌కు ఉన్న నెంబరు అమ్మ ఫోనుది. ఇక్కడ నేను నెట్ సెంటర్‌లో కూర్చున్నా, అక్కడ అమ్మ ఫోను గుంజకు వేలాడుతోంది. ఓటీపీ గడువు పది నిమిషాలు, చెట్టు దాకా నడక ముప్పావు గంట. మూడు రోజులు అలాగే పోయాయి. నాలుగో రోజు సంతకు వెళ్తున్న పక్కింటి మామయ్య ఫోను పట్టుకెళ్లాడు, అప్పుడు అయింది. మధ్యలో ఒకసారి రీచార్జి గడువు అయిపోయి ఇన్‌కమింగ్ కూడా ఆగింది. సిగ్నలే లేని ఇంట్లో పడి ఉన్న ఫోనుకు మేం నెల నెలా డేటా డబ్బులు కడుతున్నాం. అమ్మది బటన్ ఫోను. అందులో డేటా ఎక్కడ వాడుతుంది?

ఇప్పుడు అన్న మాటకు వస్తా. అందులో నిజం ఉంది, కాదనను. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. అంతకుముందు ఒక జీబీకి రెండొందల యాభై దాకా పెట్టేవాళ్లు. ఆ తర్వాత ధర ఎలా పడిపోయిందో మనందరికీ తెలుసు. నేను ఇంటర్ పాఠాలు సగం ఫోనులోనే విన్నాను. పోటీ మంచిదే. నేను అడిగేది ఒక్కటే: ఆ పోటీ ఎక్కడ జరిగింది? ఎవరి లెక్కలో జరిగింది? కోర్టు కేసులు చదివితేనే దీనికి జవాబు దొరుకుతుంది. అందుకే అవి మనకు అక్కర్లేదు అనకండి.

మొదటి కేసు. మీ దగ్గర ఒక కంపెనీ సిమ్, మీ అమ్మ దగ్గర ఇంకో కంపెనీ సిమ్ అనుకోండి. మీ కాల్ అమ్మకు చేరాలంటే రెండు కంపెనీల లైన్లు ఎక్కడో ఒకచోట కలవాలి. ఆ కలిసే చోటు పేరు ఇంటర్‌కనెక్షన్ పాయింట్. 2016లో జియో ఏమందంటే, పాత కంపెనీలు ఆ పాయింట్లు చాలినన్ని ఇవ్వడం లేదు, మా కస్టమర్ల కాల్స్ ఫెయిలవుతున్నాయి అని. పాత కంపెనీలు ఏమన్నాయంటే, మీరు అన్నీ ఉచితం చేసి ఒక్కసారిగా కాల్స్ కుమ్మరిస్తే మేమేం చేస్తాం అని. ట్రాయ్ చూసింది. రూలు ప్రకారం ఆ పాయింట్ దగ్గర వెయ్యి కాల్స్‌లో అయిదుకు మించి ఫెయిల్ కాకూడదు. అంతకు మించి ఫెయిలవుతున్నాయని, 2016 అక్టోబరు 21న ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాల మీద మొత్తం 3,050 కోట్ల జరిమానా వేయమని సిఫారసు చేసింది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. వెయ్యి కాల్స్‌లో అయిదుకు మించి పోతే మూడు వేల కోట్ల మాట. మా గూడెంలో వెయ్యికి వెయ్యి పోతాయి. దానికి ఎవరి మీద ఎంత జరిమానా? సున్నా. ఎందుకంటే అక్కడ టవరే లేదు కాబట్టి కాల్ ఫెయిలవ్వడం కూడా ఉండదట. పుట్టని బిడ్డకు జ్వరం రాదు కదా, అలాగన్నమాట.

అదే గొడవ కాంపిటిషన్ కమిషన్, అంటే సీసీఐ దగ్గరికీ వెళ్లింది. పాత కంపెనీలు కుమ్మక్కయ్యాయా చూడమని 2017 ఏప్రిల్‌లో సీసీఐ విచారణకు ఆదేశించింది. సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు హైకోర్టు మాటే సరైందన్నది. ముందు టెలికాం సంగతి ట్రాయ్ తేల్చాలి, ఆ తర్వాతే సీసీఐ రావాలి అని తీర్పు. రెండేళ్లు కొట్టుకున్నది ఏ ఆఫీసు ముందు చూడాలన్న దాని మీద!

రెండో కేసు మనకు ఇంకా ముఖ్యం. జియో ఉచితంగా ఇవ్వడం పోటీని చంపడమే అని ఎయిర్‌టెల్ సీసీఐకి ఫిర్యాదు చేసింది. 2017 జూన్‌లో సీసీఐ ఆ ఫిర్యాదు కొట్టేసింది. కొత్తగా వచ్చిన కంపెనీ, దానికి మార్కెట్ మీద పెత్తనం లేదు అన్నది. సరే, ఎవరు గెలిచారన్నది నాకు అనవసరం. మార్కెట్ అంటే ఏమిటని సీసీఐ రాసుకుందో అది చూడండి. దేశంలో 22 టెలికాం సర్కిళ్లున్నాయి, ఒక్కో సర్కిల్ ఒక్కో మార్కెట్ అని లెక్క వేసింది.

మన సర్కిల్ పేరు ఆంధ్రప్రదేశ్. రాష్ట్రం రెండైనా టెలికాం లెక్కలో తెలంగాణ కూడా అందులోనే ఉంది. అంటే హైదరాబాద్ హైటెక్ సిటీ, విశాఖ బీచ్ రోడ్డు, మా గూడెం, మూడూ ఒకే మార్కెట్! హైదరాబాద్‌లో నాలుగు కంపెనీలు పోటీ పడుతుంటే మా గూడెంలో కూడా పోటీ ఉన్నట్టే కాగితం మీద. ఒక సంతలో నాలుగు దుకాణాలుంటే, అక్కడికి నలభై మైళ్ల అవతల ఊరికి కూడా నాలుగు దుకాణాలున్నట్టు రాసుకోవడం లాంటిది ఇది.

మూడోది కాల్ డ్రాప్ కేసు. మాట్లాడుతుండగా కాల్ తెగిపోతే రూపాయి, రోజుకు మూడు రూపాయల దాకా కస్టమర్‌కు ఇవ్వాలని ట్రాయ్ 2015 అక్టోబరులో రూలు పెట్టింది. కంపెనీల సంఘం కోర్టుకెళ్లింది. 2016 మే 11న సుప్రీంకోర్టు ఆ రూలు ఏకపక్షమని కొట్టేసింది. నూటికి రెండు కాల్స్ తెగడాన్ని ట్రాయ్ ప్రమాణమే ఒప్పుకుంటున్నప్పుడు, ఆ హద్దు దాటని కంపెనీని కూడా ఎలా శిక్షిస్తారు అని కోర్టు ప్రశ్న. న్యాయంగా చూస్తే అర్థముంది. కానీ అప్పట్లో ఆ రెండు శాతం దేని మీద సగటు? సర్కిల్ మొత్తం మీద. లక్షల కాల్స్ సవ్యంగా నడిచే నగరాలను కలిపి సగటు తీస్తే కొండ మీద తెగిపోయిన కాల్ ఏ మూలనో కలిసిపోతుంది.

చూశారా, ప్రతి చోటా అదే మాట. సర్కిల్, సర్కిల్, సర్కిల్. మనల్ని ఎవరూ పగబట్టి తీసేయలేదు. లెక్క వేసే గిన్నె పెద్దది పెట్టారు, అందులో మనం గింజంత కూడా కనపడం.

లైసెన్సుల్లోనూ ఇదే కథ. 2003 తర్వాత ఇచ్చిన యూనిఫైడ్ యాక్సెస్ లైసెన్సుల్లో షరతు ఏంటో తెలుసా? మొదటి ఏడాదిలో సర్కిల్‌లోని జిల్లా కేంద్రాల్లో పది శాతం, మూడేళ్లలో యాభై శాతం కవర్ చేయాలి. జిల్లా కేంద్రం వద్దనుకుంటే అదే జిల్లాలో ఇంకో పట్టణమైనా చాలు. అప్పుడు మన జిల్లా కేంద్రం ఏది? విశాఖపట్నం. పోర్టు, స్టీల్ ప్లాంటు, జగదాంబ సెంటర్ కవర్ చేస్తే విశాఖ జిల్లా అయిపోయినట్టే. వంద కిలోమీటర్ల పైన ఉన్న పాడేరు, అక్కడి నుంచి ఇంకా పైకి పెదబయలు, ముంచింగిపుట్టు, అవన్నీ టిక్కు పెట్టేసిన కాగితం కిందే ఉండిపోయాయి. తర్వాత వేలాల్లో బ్లాకు కేంద్రాలను కూడా కలిపారు. 2022 ఏప్రిల్‌లో మనకు అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చి పాడేరు జిల్లా కేంద్రమయ్యింది. అయినా జిల్లా కేంద్రం వేరు, గూడెం వేరు.

ఇప్పుడు "పోటీయే కొండ ఎక్కుతుంది" అన్న మాట. అన్నా, పోటీ కొండ ఎక్కలేదు. ఎక్కించారు. టవర్ నడవాలంటే కరెంటు కావాలి, డీజిల్ కావాలి, ఘాట్ రోడ్డు మీద మనిషి వెళ్లి రిపేరు చేయాలి. రెండొందల గడపల నుంచి వచ్చే రీచార్జి దానికి సరిపోదు. అలాంటి చోట ఒక్క కంపెనీకే గిట్టుబాటు కాదు, నాలుగు కంపెనీలు పోటీకి ఎందుకొస్తాయి? అందుకే చట్టంలో ఒక నిధి పెట్టారు. యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్. కంపెనీల ఆదాయంలో ఇప్పుడు 8 శాతం లైసెన్సు ఫీజు, అందులో 5 శాతం ఈ నిధిదే. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో దాని పేరు డిజిటల్ భారత్ నిధి అని మార్చారు. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి అయిదు రాష్ట్రాల్లో సిగ్నల్ లేని 7,287 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి కేంద్ర మంత్రివర్గం 6,466 కోట్లు ఒప్పుకున్నది ఈ నిధి నుంచే. 2022 జూలైలో దేశమంతటా 24,680 గ్రామాలకు 26,316 కోట్లతో బీఎస్‌ఎన్‌ఎల్‌కు పని అప్పగించారు. 2023 జూన్‌లో మన ఏజెన్సీల్లో వంద టవర్లు ఒకేరోజు ప్రారంభించారు, ఎక్కువ మన జిల్లాలోనే. మంచిదే, సంతోషం. నిధి డబ్బు కంపెనీ జేబులోది అనుకోకండి. రీచార్జి చేసే ప్రతి మనిషి దగ్గర నుంచి వచ్చిందే. మా అమ్మ బటన్ ఫోను డబ్బు కూడా అందులో ఉంది. దండం ఎందుకు పెట్టాలి?

ఇంకో సంగతి. ఆదాయం అంటే ఏది లెక్క అని కంపెనీలు, ప్రభుత్వం ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదించుకున్నాయి. ఏజీఆర్ కేసు అని పేపర్లో చూసే ఉంటారు. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది. అప్పటికి లైసెన్సు ఫీజు బకాయిలే దాదాపు 92 వేల కోట్లు అన్నారు. టీవీలన్నీ ఏ కంపెనీ మునుగుతుంది, ఏది తేలుతుంది అని చర్చించాయి. ఆ ఫీజులో ఒక వాటా మారుమూల ఊళ్ల నిధిదని ఎంతమంది మాట్లాడారు? అన్నా, అది "వాళ్ల గొడవ" కాదు. మన టవర్ డబ్బు మీద గొడవ.

పోటీ ఎప్పుడూ నిలబడి ఉంటుందనే నమ్మకం కూడా వద్దు. 2012 ఫిబ్రవరి 2న 2జీ కేసులో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2016 తర్వాత ఎయిర్‌సెల్ దివాలా తీసింది, టెలినార్, టాటా డొకొమో ఎయిర్‌టెల్‌లో కలిశాయి, వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. మిగిలింది మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక బీఎస్‌ఎన్‌ఎల్. 2024 జూలై మొదటి వారంలో ఆ మూడూ ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచాయి. కుమ్మక్కు అని నేననను, నా దగ్గర రుజువు లేదు. రేట్లు కంపెనీల ఇష్టానికి వదిలేయడమే ట్రాయ్ పద్ధతి కాబట్టి అది తప్పు కూడా కాదు. నగరంలో వాడికి రేటు నచ్చకపోతే నెంబరు పోకుండా కంపెనీ మార్చుకుంటాడు. ఒకే టవర్ ఉన్న గూడెంలో ఎక్కడికి మారతాం? పెద్దలు అంటారు కదా, ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్టు అని. మన పరిస్థితి అది కూడా కాదు. పోట్లాట జరిగే పొలంలోనే మనం లేము. కానీ పొలానికి శిస్తు మాత్రం కడుతున్నాం.

"ఇదంతా మారదు, ప్రపంచమంతా ఇంతే" అంటారేమో. అమెరికాలో కూడా లోకల్ టెలిఫోన్ కంపెనీల గుత్తాధిపత్యం మీద పెద్ద యుద్ధమే జరిగింది. 1984లో ఏటీ అండ్ టీని విడగొట్టి ఏడు ప్రాంతీయ కంపెనీలు చేశారు. 1996 చట్టం పాత లోకల్ కంపెనీల లైన్లను కొత్తవాళ్లకు తెరవమన్నది. దాని మీద సుప్రీంకోర్టు దాకా ఎన్నో కేసులు నడిచాయి. కానీ అదే చట్టంలో మారుమూలలకు కూడా సేవ అందాలని వేరే సెక్షన్ పెట్టారు. 2020లో అయితే ఒక స్పెక్ట్రమ్ బ్యాండును కంపెనీలకు వేలం వేయకముందే, అక్కడి ఆదివాసీ తెగలు తమ నేల మీద వాడుకోడానికి ముందుగా దరఖాస్తు పెట్టుకునే వీలు ఇచ్చారు. వేలం కంటే ముందు తెగ! అక్కడ అన్నీ బాగున్నాయని కాదు. అడిగితే ఇలాంటిది కూడా సాధ్యమే అని.

ఇక్కడ కూడా సాధ్యమే. 2025 జనవరిలో కేంద్రం ఒక పని చేసింది. డిజిటల్ భారత్ నిధి డబ్బుతో కట్టిన టవర్ ఏ కంపెనీదైనా సరే, బీఎస్‌ఎన్‌ఎల్, ఎయిర్‌టెల్, జియో సిమ్‌లు మూడూ దాని మీద పనిచేసే ఏర్పాటు మొదలుపెట్టింది. నిజంగా కొండకు సరిపోయే పోటీ ఇదే. టవర్ ఒకటి, సిమ్ మన ఇష్టం. 2024 డిసెంబరు 23న ట్రాయ్ ఇంకో ఆదేశం ఇచ్చింది. డేటా వద్దనుకునేవాళ్లకు కాల్స్, మెసేజ్‌ల వరకే ప్యాక్ ప్రతి కంపెనీ ఉంచాలి అని. మా అమ్మ లాంటివాళ్లకు పనికొచ్చేది అదే. మన ఊళ్ల రీచార్జి షాపుల్లో ఎవరైనా అడిగారా? ఈసారి ఇంటికెళ్లినప్పుడు అడగండి.

మరి మనం చేయాల్సింది ఏంటి? ఊరికే తిట్టి పోస్టు ముగించను.

1. 2024 కొత్త నాణ్యత రూల్స్ ప్రకారం ప్రతి కంపెనీ తన సిగ్నల్ ఎక్కడెక్కడ ఉందో మ్యాపు వెబ్‌సైటులో పెట్టాలి. మనలో ప్రతి ఒక్కరూ తమ గూడెం ఆ మ్యాపులో చూడండి. రంగు ఉండి ఫోను పలకకపోతే తేదీ, టైము, చోటు రాసి ఫోటోతో గ్రూపులో పెట్టండి. పదకొండు మండలాల పిల్లలం ఇక్కడున్నాం. మనకన్నా మంచి సర్వే ఎవడూ చేయలేడు.

2. ట్రాయ్ చట్టం 14వ సెక్షన్‌లో ఒక మాట ఉంది. కంపెనీకీ కంపెనీకీ మధ్య తగాదాలే కాదు, కంపెనీకీ "వినియోగదారుల సమూహానికీ" మధ్య తగాదా కూడా టీడీశాట్ వింటుంది. ఒక్కడు వెళ్తే వినదు, సమూహం కావాలి. మన జేబులో సిమ్ ఉంది, రీచార్జి రసీదు ఉంది. మనం వినియోగదారులమే. లా చదువుతున్న అక్కలు, అన్నలు ఈ దారి ఎంతవరకు పోతుందో చూసి చెప్పండి.

3. ట్రాయ్ ఏ రూలు చేసినా ముందు అభిప్రాయాలు అడుగుతుంది. కంపెనీలు వందల పేజీలు పంపుతాయి. మన వైపు నుంచి ఒక్క గ్రామసభ తీర్మానమైనా వెళ్లాలి. అందులో రెండే అడగాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో పోటీనీ, నాణ్యతనూ సర్కిల్ లెక్కన కాకుండా గ్రామం లెక్కన కొలవండి. నిధి డబ్బు టవరైనా, కంపెనీ సొంత టవరైనా, షెడ్యూల్డ్ ప్రాంతంలో అన్ని సిమ్‌లకూ తెరవండి.

మన మాట ఢిల్లీలో ఎవరు వింటారు అనకండి. అనంతగిరి మండలం కొండల్లో మైనింగ్ లీజుల గొడవ సమత కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలైలో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదన్నది. అది మన జిల్లా కొండ మీద పుట్టిన కేసు, ఈరోజు దేశంలో ప్రతి లా కాలేజీలో చదువుతారు. భూమి మీద మన మాట విన్న కోర్టు, ఆ భూమి మీద నిలబడి మాట్లాడే ఫోను గురించి వినదా?

మాచ్‌ఖండ్ కరెంటు 1955 నుంచి మా పక్క కొండల్లో పుట్టి కిందికి పోతూనే ఉంది. తీగలు పోయిన దారిలో ఎన్నో గూడేలు చాలా ఏళ్లు చీకట్లోనే ఉన్నాయి. ఇప్పుడు విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తోంది. 2025 అక్టోబరులో ప్రకటించారు, అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లు, సముద్రం అడుగు నుంచి దేశదేశాల కేబుళ్లు ఇక్కడి ఒడ్డుకే చేరతాయట. చేరనివ్వండి, మనకూ ఉద్యోగాలు రావాలి. కానీ సముద్రం అడుగున వేల కిలోమీటర్లు పాకి రాగల తీగ, ఒడ్డు నుంచి మా గూడెం దాకా ఎందుకు ఎక్కలేదో అడిగేవాడు ఒకడు ఉండాలి. ఆ అడిగేవాళ్లం మనమే కావాలి. ఏ సిమ్ గొప్పదని మనలో మనం కొట్టుకుంటూ కూర్చుంటే మళ్లీ తీగ కింద చీకట్లోనే ఉంటాం.

పోస్టు పెట్టిన అన్నా, నీ మీద కోపం లేదు. నువ్వూ ఊరికి ఫోన్ చేయాలంటే సంత రోజు దాకా ఆగేవాడివే అని నాకు తెలుసు. మ్యాపు పని నీ మండలం నుంచి మొదలుపెడతావా? నా మండలం నేను చూసుకుంటా.

జై ఆదివాసీ.